పదహారు గళ్లు... ఒక పూర్తి పాట

కంప్యూటర్లో పాట కట్టడం నేర్చుకోవాలనుకునేవారికి ముందుగా వచ్చే సందేహం ఒక్కటే... 'ఏం కొనాలి?' కీబోర్డా, ఖరీదైన హెడ్‌ఫోన్లా, సాఫ్ట్‌వేరా? అమ్మానాన్నల దగ్గర చెయ్యి చాపకముందే చెప్పేయొచ్చు. మొదట్లో ఏమీ కొననక్కర్లేదు! ఇంట్లో ఉన్న కంప్యూటరు, మామూలు ఇయర్‌ఫోన్లు చాలు. ఎల్ఎంఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. యాపిల్ కంప్యూటరుంటే గరాజ్‌బ్యాండ్ ఉండనే ఉంది.

అసలు చిక్కు మరోచోట ఉంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో నాలుగు దెబ్బల ఆవర్తానికి రెండు సెకన్లు పడుతుంది. దాన్నే బార్ అంటారు. కొత్తవాళ్లలో చాలామంది ఎనిమిది బార్లు, అంటే పదహారు సెకన్ల ముక్క తయారుచేసి దాన్నే వారాల తరబడి ముస్తాబు చేస్తూ కూర్చుంటారు. విసుగొస్తే మరో ముక్క మొదలు. కంప్యూటర్నిండా ముక్కలే... పాట మాత్రం ఒక్కటీ ఉండదు. చివరికి 'నాకు సంగీతం రాదులే' అని మూటగట్టేస్తారు. రానిది సంగీతం కాదు, ముగించడం!

తకధిమి తెలిస్తే చాలు

ఎల్ఎంఎంఎస్‌లో బీట్ కోసం పదహారు గళ్ల వరస కనిపిస్తుంది. దాని పేరు స్టెప్ సీక్వెన్సర్. పేరు చూసి బెదరకండి. తకధిమి తకధిమి అని నాలుగుసార్లు అనుకోండి. పదహారు అక్షరాలు, పదహారు గళ్లు. లెక్క సరి! ప్రతి 'త' దగ్గరా, అంటే 1, 5, 9, 13 గళ్లలో కిక్ డ్రమ్ పెట్టండి. రెండో, నాలుగో 'త' మీద చప్పట్ల శబ్దం కలపండి. ప్రతి 'ధి' మీదా హైహ్యాట్. ప్లే నొక్కండి. ప్రపంచమంతా డాన్స్ చేసే హౌస్ బీట్ మీ గదిలో మోగుతుంది. ఇలాంటివి రెండు వరసలు కలిపితే మన ఆదితాళం ఎనిమిది లెక్కలూ పూర్తవుతాయి. తకిట నడక కావాలా? గళ్లని పన్నెండుకి కుదించండి.

మూడు యంత్రాలు... పది రాగాలు

ఇక బాణీ. వందల వాయిద్యాలు ఊరిస్తుంటే ఎటు పోవాలో తెలియదు. అలాంటప్పుడు చరణ్‌జీత్ సింగ్‌ని గుర్తు తెచ్చుకోవాలి. ముంబయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన ఆయన 1982లో 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' అనే రికార్డు తెచ్చారు. రోలండ్ కంపెనీ తయారుచేసిన సింథసైజర్ ఒకటి, డ్రమ్ యంత్రం ఒకటి, బేస్ యంత్రం ఒకటి... వీటితోనే పది రాగాలు! అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక మాత్రం విన్నవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. షికాగోలో ఆ తర్వాత కొన్నేళ్లకి పుట్టిన 'యాసిడ్ హౌస్' బాణీకి అచ్చం కవలలా ఉందది. సింగ్ 2015లో కన్నుమూశారు.

ఆయన్ని నిలబెట్టింది పరికరాల సంఖ్య కాదు, పెట్టుకున్న హద్దు. రాగమంటేనే హద్దు కదా! మీరూ ఒకటి గీసుకోండి. 'సి' మెట్టుని షడ్జమంగా తీసుకుని తెల్లమెట్లలో మధ్యమం, నిషాదం వదిలేయండి. మిగిలిన ఐదూ మోహన రాగం. ఈ ఐదు స్వరాల్లో ఎటు తిరిగినా పెద్దగా అపశ్రుతి వినిపించదు. అడుగున బేస్‌కి షడ్జమం ఒక్కటే ఇచ్చినా సరిపోతుంది.

తీసెయ్యడమే విద్య

బీటు, బేసు, బాణీ కలిసి ఎనిమిది బార్లు వచ్చేశాయా? ఇంకేమీ చేర్చకండి. ఆ ముక్కని ఎనిమిదిసార్లు వరసగా అతికించండి. 128 సెకన్లు, అంటే రెండు నిమిషాల పైమాటే. ఇక తీసెయ్యడం మొదలుపెట్టండి. మొదటి ముక్కలో కిక్ తప్ప అన్నీ పోవాలి. రెండోదానికి హైహ్యాట్, మూడోదానికి చప్పట్లు, బేస్ ఉంచండి. నాలుగు, ఐదు నిండుగా ఉండనివ్వండి. ఆరులో కిక్ ఆపి బాణీ ఒక్కటే వదలండి. ఏడులో అన్నీ ఒక్కసారిగా తిరిగొస్తాయి. ఆ క్షణం కోసమే కదా ఆరులో ఆపింది! ఎనిమిదిలో ఒక్కొక్కటే సెలవు తీసుకుంటాయి. అదిగో, ముక్క కాస్తా పాటైంది.

గొప్పగా రాలేదా? రాదు మరి, మొదటిది కదా! కానీ ఎత్తుగడ ఎలా ఉండాలి, ఎక్కడ ఆపాలి, ఎలా దించాలి అన్నది అతుకులబొంతలాంటి పూర్తి పాట నేర్పినట్టు అద్భుతమైన సగం ముక్క నేర్పదు. ఈ ఆదివారం గళ్లు నింపండి. వచ్చే ఆదివారానికి ఆ రెండు నిమిషాలూ ఇంట్లో వినిపించండి. కీబోర్డు కొనమని అడగాలంటే అంతకంటే మంచి సిఫార్సు ఏముంటుంది!