వైద్యుల సందేశములు - మన వృద్ధులు

2020 మార్చి 25న కేంద్ర ప్రభుత్వము వెలువరించిన దూరవైద్య నియమావళి ఫోనును, వీడియోను, వ్రాతసందేశమును వైద్యసలహాకు మార్గములుగా అంగీకరించినది. అయినను, తోటి వైద్యునికి ఎక్స్‌రే చిత్రమును వాట్సాప్‌లో క్షణములో పంపు వైద్యుడే రోగికి రెండు వాక్యములు వ్రాయుటకు జంకును. ఆ జంకు అకారణము కాదు. నాడి చూడక చెప్పిన మాటకును బాధ్యత ఆయనదే. సందేశములను భద్రపరుపవలసిన వాడును ఆయనయే. రుసుమునకు అనుమతి యున్నను, రాత్రి పదింటికి వచ్చిన ప్రశ్నకు అడుగుటకు మొగమాటము.

హోసూరు, బళ్ళారి, బరంపురములలోని మన వృద్ధులకు మరొక చిక్కు గలదు. తెలుగు తప్ప చదువనేరని అవ్వకు తమిళ, కన్నడ, ఒడియా లిపులలోనో ఇంగ్లీషులోనో వచ్చిన మందుల వివరము మనుమడు బడినుండి వచ్చువరకు మూగయే. పూటకు ఒకటా, రెండా? వైద్యుడు తెలుగు వ్రాయనక్కరలేదు. ఆయన చెప్పినదానిని తెలుగు వచ్చిన నర్సు గొంతుతో అరనిమిషము పలికి పంపిన చాలును. ఈ కోరికను మన సంఘములు ఆసుపత్రులకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను.