ఒక ధర్మము - రెండు తక్కెడలు

ఆపత్కాలము మనుష్యుని శీలమునకే గాక సంఘముయొక్క తూనికలకును కొలతలకును గూడ పరీక్షాసమయము. సుభిక్షముగా నున్న దినములలో ఒక యంగడిలో తక్కెడ వంకరయైనచో కొనువాడు మరియొక యంగడికి బోగలడు. వీథులన్నియు మూతబడి, పేటకొక కొట్టును, దారికొక బంకును మాత్రమే తెరచియున్న వేళ వానికి పోదగిన చోటు లేదు. అట్టి వేళ నెవరు ఎంత పుచ్చుకొనిరి, చట్టము ఎవరి చేయి పట్టుకొన్నది, ఎవరి చేయి విడిచిపెట్టినది అని లెక్కచూచుకొనుట గడచిన కథను త్రవ్వుకొనుట గాదు. రాబోవు ఆపదకు సంసిద్ధులమగుట.

2020వ సంవత్సరము మార్చి 24వ తేది అర్ధరాత్రి మొదలుకొని కరోనా మహమ్మారి కారణమున దేశమంతట ఇరువదియొక్క దినముల లాక్‌డౌన్ విధింపబడినది. రేషను డిపోలు, కిరాణా కొట్లు, పాలు, కూరగాయలు, మందుల దుకాణములు, పెట్రోలు బంకులు - ఇట్టి కొన్నిటికి మాత్రమే మినహాయింపు కలిగెను. సామాన్య గృహస్థునకు కిరాణా కొట్టు ఒక ద్వారము. సరుకు మోయు లారీకి పెట్రోలు బంకు మరియొక ద్వారము. ఈ రెండు ద్వారములయొద్దను ప్రభుత్వము రెండు వేర్వేరు తక్కెడలు పట్టుకొని నిలిచినదనియే మా యభియోగము.

మొదట కొట్టు సంగతి చూతము. ముఖమునకు గట్టుకొను మాస్కులును, చేతులకు రాచుకొను శానిటైజరును ఒక్కసారిగా కరవై, ధరలు మితిమీరి పెరిగినవి. ఇల్లు కాలి యొకడేడ్చుచుండ చుట్టకు నిప్పడుగువారు ఏ కాలమునను కలరు. ప్రభుత్వము 1955వ సంవత్సరపు నిత్యావసర వస్తువుల చట్టమును చేతబట్టి మార్చి 13వ తేదిని వీనిని నిత్యావసర వస్తువులుగా ప్రకటించెను. మార్చి 21వ తేదిని ధరలు గూడ నిర్ణయించెను. రెండు పొరల మాస్కు 8 రూపాయలు, మూడు పొరలది 10 రూపాయలు, రెండువందల మిల్లీలీటర్ల శానిటైజరు సీసా 100 రూపాయలు - అంతకు మించి యమ్మరాదు. చట్టము నతిక్రమించినవారికి ఏడేండ్లవరకును చెరసాల. ఈ కట్టడి జూను 30వ తేదివరకు నడచెను. ఇది న్యాయమే, మేము దీని నాక్షేపింపము. పొట్లముపై ముద్రించిన గరిష్ఠ ధరకు మించి పుచ్చుకొనరాదను నిబంధన యంతకు పూర్వమే కలదు. ప్రాణభయముతో వచ్చినవానియొద్ద ప్రాణభయమునకే వెలగట్టుట వర్తకము గాదు, దోపిడి.

అయినను ధర పెరిగిన ప్రతి చోటను పాపము జరిగినదనుట అవివేకము. లారీలు సరిహద్దులయొద్ద నిలిచిపోయినవి. హమాలీలు స్వగ్రామములకు నడచిపోయిరి. టోకు బజారులు కొన్ని గంటలు మాత్రమే తెరచినవి. వర్తకునకు నిజముగా ఖర్చు పెరిగియుండవచ్చును. కావున న్యాయాన్యాయములను తేల్చుటకు మూడు ప్రశ్నలు వేయవలయును. అమ్మువానికి కొనుబడి ధర పెరిగినదా, తగ్గినదా? పెంచిన భాగము సరుకును రప్పించుటకు వ్యయమైనదా, వాని పెట్టెలోనికే పోయినదా? కొనువానికి వేరొక యంగడికి బోవు స్వేచ్ఛ యుండెనా, లేదా? పాత ధరకు కొని నిలువయుంచిన కందిపప్పును క్రొత్త ధరకు, వేరు కొట్టు లేని పేటలో అమ్మినవాడు ఈ మూటియందును ఓడిపోవును. రెట్టింపు బాడుగ యిచ్చి ఉల్లిగడ్డలు తెప్పించినవాడు నిర్దోషి.

ఈ మూడు ప్రశ్నలతో మన కిరాణా వర్తకులను పరీక్షించినచో మంచియు చెడుగును గూడ కనబడుచున్నవి. ముద్రిత ధరగల పొట్లములకంటె విడిగా తూచి యమ్ము సరుకులయందే అక్రమమున కవకాశ మెక్కువ. పప్పు, చింతపండు, ఎండుమిరప - వీనిపై ఏ ముద్రయు లేదు. కోరిన సరుకు నీయవలెనన్న కోరని సరుకును గూడ కొనవలెనని ముడిపెట్టుట, చిల్లర లేదని చాక్లెట్లు చేతబెట్టుట, బిల్లు నడిగినవానిని వింతగా చూచుట - ఇవియన్నియు గర్హ్యములే. కాని దినకూలి నిలిచిపోయిన కుటుంబమునకు ఖాతాపుస్తకములో పేరు వ్రాసి బియ్యము తూచి యిచ్చినవాడును ఆ కిరాణా వర్తకుడే. మెరుగుటద్దముల మహాదుకాణము లేవియు ఆ పని చేయలేదు.

ఇక బంకు సంగతి. మన సోదరులు ధర పెరిగినప్పుడెల్ల బంకు యజమానిని దూషించుట కలదు. అది పొరపాటు. ధర నిర్ణయించువాడు అతడు కాడు. 2020లో అతనికి దక్కినది లీటరునకు రెండు మొదలు నాలుగు రూపాయల లోపల కమీషను. లాక్‌డౌన్ కాలమున, 2020 ఏప్రిలునందు, దేశములో పెట్రోలు, డీజిలు వాడకము సగమునకు మించి పడిపోయినను అతడు బంకును తెరచియే యుంచవలసివచ్చెను. దారి హోటళ్లన్నియు మూతబడియుండ లారీ డ్రైవరునకు త్రాగునీరును, నిలువ నీడయు దొరకిన చోటు పెక్కు తావుల ఆ బంకే. ముసుగు గట్టుకొని పగలురేయి గొట్టము పట్టుకొని నిలిచిన పనివారిని మనము మరువరాదు.

అయిన ధర యెవరిది? ప్రభుత్వము పెట్రోలు ధరపై తన యదుపును 2010లోను, డీజిలుపై 2014లోను తొలగించితిననెను. 2017 జూను 16వ తేదినుండి దేశమంతట ప్రతి యుదయమును ధర మార్చు పద్ధతి వచ్చెను. లోకములో చమురు ధర పెరిగినచో మీకును పెరుగును, తగ్గినచో మీకును తగ్గును అనునదియే అప్పటి వాగ్దానము. 2020 జనవరిలో మనదేశము కొను ముడిచమురు బ్యారెలు సగటున 64 డాలర్లకు పైగా నుండి, ఏప్రిలునాటికి 20 డాలర్ల చెంతకు దిగెను. ఏప్రిలు 20వ తేదిని అమెరికా చమురు ముందస్తు బేరము సున్నకును దిగువకు జారి, అమ్మువాడే బ్యారెలునకు 37 డాలర్లు ఎదురిచ్చు వింతయు జరిగెను. మూడవవంతునకు దిగిన చమురు మన బంకులో ఎంత దిగెను? ఢిల్లీలో జనవరి మొదట 75 రూపాయల చేరువనున్న లీటరు పెట్రోలు ఏప్రిలులో 69 రూపాయల 59 పైసలు. అంతే. మార్చి మధ్యనుండి 82 దినములపాటు దినదినము మారవలసిన ధర చమురు కంపెనీలయొద్ద కదలక నిలిచిపోయెను.

తగ్గిన సొమ్ము ఎటు పోయినది? మార్చి 14వ తేదిని కేంద్రప్రభుత్వము పెట్రోలు, డీజిలులపై ఎక్సైజు సుంకమును లీటరునకు 3 రూపాయలు పెంచెను. మే మొదటి వారమున పెట్రోలుపై 10, డీజిలుపై 13 రూపాయలు మరల పెంచెను. ఈ రెండు పెంపులతో పెట్రోలుపై సుంకము 19 రూపాయల 98 పైసలనుండి 32 రూపాయల 98 పైసలకును, డీజిలుపై 15 రూపాయల 83 పైసలనుండి 31 రూపాయల 83 పైసలకును ఎక్కెను. ఢిల్లీ ప్రభుత్వమును తన వ్యాట్ పన్నును పెంచుటచే ఆ మే మాసమున అచట లీటరు ధర 71 రూపాయల 26 పైసలయ్యెను. అందులో డీలరునకు చేరిన చమురు వెల 18 రూపాయల 28 పైసలు; డీలరు కమీషను 3 రూపాయల 56 పైసలు; కేంద్ర సుంకము 32 రూపాయల 98 పైసలు; రాష్ట్రపు పన్ను 16 రూపాయల 44 పైసలు. పాఠకులు కూడి చూచుకొనవచ్చును. వంద రూపాయలిచ్చినవాడు ముప్పదియొక్క రూపాయలు చమురునకును వర్తకునకును, అరువదితొమ్మిది రూపాయలు బొక్కసములకును చెల్లించినాడు.

కిరాణా వర్తకునకు వేసిన మూడు ప్రశ్నలనే బొక్కసమునకును వేసి చూతము. కొనుబడి ధర పెరిగినదా? పెరుగలేదు, మూడవవంతునకు దిగినది. పెంచిన భాగము చమురును రప్పించుటకు వ్యయమైనదా? లేదు, బొక్కసములోనికి పోయినది. కొనువానికి వేరొక యంగడి యుండెనా? సుంకము తగులని చమురు దేశమున నెచ్చటను లేదు. మూడు ప్రశ్నలయందును ఓడిపోయిన కిరాణా వర్తకునకు చెరసాల. మూడు ప్రశ్నలయందును ఓడిపోయిన బొక్కసమునకు రాబడి. 2019-20లో పెట్రోలియముపై కేంద్రమునకు వచ్చిన ఎక్సైజు సుంకము సుమారు 2 లక్షల 23 వేల కోట్ల రూపాయలు. వాడకము తగ్గిన 2020-21లో నది సుమారు 3 లక్షల 73 వేల కోట్లు. కంచెయే చేను మేసిన సామెత యిచ్చట తగినట్లు మరియెచ్చటను తగదు. నూరు రూపాయలు దాటరాదని కట్టడి చేసిన శానిటైజరు సీసాపైననే నూటికి 18 వంతున జీఎస్టీ పుచ్చుకొనుచు, దానిని 5కు దించుటకు 2021 జూనువరకు ఆగినదియు ఈ బొక్కసమే.

బొక్కసము పక్షమున చెప్పదగిన మాటయు కలదు. వర్తకము స్తంభించి పన్నులు రానినాడు పేదలకు తలకు అయిదు కిలోల చొప్పున ఉచిత ధాన్యమీయవలసివచ్చినది. వైద్యమునకు వ్యయము పెరిగినది. ఈ సొమ్ము ఎచ్చటనుండి రావలయును? ప్రశ్న న్యాయమైనదే. పన్ను వేయుటయే తప్పని మేము చెప్పము. వేసిన తీరును నిందించుచున్నాము. ప్రత్యేక సుంకమును పెట్రోలుపై 18 రూపాయలవరకు, డీజిలుపై 12 రూపాయలవరకు పెంచుకొను అధికారము 2020 మార్చి 23వ తేదిని ఆర్థిక బిల్లులో చేర్పబడి, చర్చ లేకయే లోకసభలో నెగ్గెను. పెంచిన 13, 16 రూపాయలలో సింహభాగము ప్రత్యేక సుంకము, రోడ్డు సెస్సు అను పేర్లతో వచ్చినది గావున రాష్ట్రములకు పంచియీయవలసిన పని లేదు. డీజిలుపై వేసిన పన్ను కారు యజమానితో నిలువదు. లారీనెక్కి కూరగాయల గంపలోనికిని, బియ్యపు బస్తాలోనికిని దిగును. ఒక చేత ధాన్యమిచ్చి మరియొక చేత కూరలో పుచ్చుకొనుట దానమనిపించుకొనదు.

మన తెలుగు ప్రభుత్వములును ఈ లెక్కకు వెలుపల లేవు. తెలంగాణలో వ్యాట్ పెట్రోలుపై 35.2 శాతము, డీజిలుపై 27 శాతముగా 2015నుండి నడచుచుండెను. ఈ శాతము కేంద్ర సుంకముతో గూడిన ధరపై లెక్కింపబడునది గావున సుంకము పెరిగినకొలది పన్నుపై పన్ను పండినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020 జూలైనుండి పెట్రోలుపై 31 శాతమునకు తోడు లీటరునకు 4 రూపాయలు పుచ్చుకొనుచు, కొలదినెలలలోనే రోడ్డు సెస్సుగా మరియొక రూపాయ చేర్చెను. యానాము పుదుచ్చేరి పాలనలో నుండుటచే, కాకినాడ ప్రాంతమువారు అచటి బంకులకు బోయి తక్కువ ధరకు పెట్రోలు పోయించుకొనుట కొత్త సంగతి గాదు. గోదావరి యొకటే, చమురొకటే. మారినది పన్ను మాత్రమే.

తగ్గినప్పుడు నిలిచిన ధర పెరిగినప్పుడు నిలువలేదు. 2020 జూను 7వ తేదినుండి ప్రతిదినపు పెంపు మరల మొదలై, 24వ తేదికి ఢిల్లీలో డీజిలు పెట్రోలునే మించెను. 2021లో రెండవ విజృంభణమున జనులు ఆసుపత్రులయొద్ద పడిగాపులు గాయుచుండ, మే నెలలో ధర దినదినము పెరుగుచు, జూనులో హైదరాబాదున నూరు రూపాయలు దాటెను. 2021 నవంబరులో కేంద్రము పెట్రోలుపై 5, డీజిలుపై 10 రూపాయలు తగ్గించెను. ఆ సమయమున పలు రాష్ట్రములు తామును తగ్గింపగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు తమ శాతములను దింపలేదు. 2022 మేలో కేంద్రము మరల 8, 6 రూపాయలు తగ్గించెను. కూడినచో సరిగా 13, 16. ఎనిమిది వారములలో నెక్కించిన బరువును దింపుటకు రెండేండ్లకు పైబడినది.

కావున రాబోవు ఆపదకు ముందే మూడు కట్టుబాట్లు కావలయును. బంకులలో ధరతోపాటు చమురు వెల, కమీషను, కేంద్ర సుంకము, రాష్ట్రపు పన్ను విడివిడిగా తెలుగులో వ్రాసిన పలకయుండవలయును. ఇచ్చు బిల్లులోను అట్లే ముద్రింపవలయును. ఆపద పేర వేసిన పన్నుకు గడువుండవలయును. చట్టసభలో చర్చింపకుండ అది గడువు దాటరాదు. విడి సరుకుల ధరలపట్టిక ప్రతి కొట్టులో కనబడవలయును. ధర కట్టడితోపాటు సరుకును పెంచు యేర్పాటును జరుగవలయును. 2020లో చక్కెర మిల్లులకును, మద్యపు బట్టీలకును శానిటైజరు తయారుచేయ ననుమతి యిచ్చుటచేతనే ఆ కరవు తీరినదిగాని, కట్టడి యొక్కదానిచేత గాదు.

కొనువారమైన మనకును బాధ్యత కలదు. లాక్‌డౌన్ వార్త వినగనే రెండునెలల బియ్యము నొక్కనాడే ఇంటికి చేర్చుకొన్నవాడు పొరుగువాని కుండను ఖాళీచేసినవాడే. కొట్టువానిని నిందించు నర్హత వానికి లేదు. బిల్లు నడుగుడు, ధరల పలకను చదువుడు, చదువురాని పొరుగువానికి చదివి చెప్పుడు. చిన్న తక్కెడను తనిఖీచేయు అధికారిని ప్రభుత్వము నియమించినది. ప్రభుత్వముయొక్క పెద్ద తక్కెడను తనిఖీచేయు అధికారులు ప్రజలే. ఆ యుద్యోగమునకు ఎవ్వరును మనల నియమింపనక్కరలేదు. మనమే పోయి పనిలో చేరవలయును.