జెర్రిపోతుల కుస్తీ

పొలం గట్టు మీద రెండు జెర్రిపోతులు లేచాయంటే చాలు, ఊరు ఊరంతా అక్కడికి పరుగెడుతుంది. అవి మోకాలెత్తుకు పైగా లేచి, జడ అల్లినట్టు పెనవేసుకుని, దబ్బున పడి మళ్లీ లేస్తుంటే సెల్‌ఫోన్లన్నీ అటే తిరుగుతాయి. ఒక పెద్దావిడ చెంపలు వేసుకుంటుంది. ఇంకెవరో కొత్త తువాలు తెచ్చి వాటి మీద వేయబోతారు. ఆ గుడ్డ బీరువాలో దాచుకుంటే ఇంటికి కలిసొస్తుందని నమ్మకం. మర్నాడు పేపర్లో ‘పాముల సయ్యాట’ అని ఫొటో పడుతుంది.

ఆ రెండూ మగపాములే.

పది అడుగుల దూరంలో నిలబడి ఓపిగ్గా చూస్తే సంగతి బోధపడుతుంది. ఎదుటిదాని తల కన్నా తన తల పైకి పోవాలని రెండూ పోటీ పడుతుంటాయి. పైకి పోయింది మెడ వంచి రెండోదాన్ని నేలకేసి అదుముతుంది. కింద పడింది జారిపోయి, చుట్టు విప్పుకుని, మళ్లీ మెలివేస్తుంది. కాట్లు దాదాపు ఉండవు. చివరికి అలసిపోయింది తుప్పల్లోకి తప్పుకుంటుంది. దగ్గర్లో ఉన్న ఆడపాముతో జతకట్టే అవకాశం గెలిచినదానికి దొరుకుతుంది. అసలు జత కట్టడంలో ఈ హంగామా ఏదీ ఉండదు. మగది ఆడదాని వీపు వెంబడి నేల మీదే పాకి, తోకకు తోక చుట్టి చాలాసేపు పడి ఉంటుంది. అది జనం కంట పడేది తక్కువ.

ఈ పొరపాటు పల్లెజనానిదే అనుకుంటే అన్యాయం. పాశ్చాత్య ప్రకృతి శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం దీన్ని ప్రణయ నృత్యమనే రాసుకున్నారు. పోట్లాడే పాముల్ని పట్టుకుని ఆడో మగో పరీక్షించాక రాసింది దిద్దుకున్నారు. మన దగ్గర శీర్షిక ఇంకా మారలేదు.

నాగుపాము ఆడదని, జెర్రిపోతు దాని మొగుడని ఇంకో నమ్మకం. పేరులోనే ‘పోతు’ ఉంది కదా! నిజానికి ఈ రెండూ వేరు వేరు కుటుంబాల పాములు. జెర్రిపోతుల్లో ఆడవి ఉన్నాయి, నాగుల్లో మగవి ఉన్నాయి. జెర్రిపోతుకు విషం లేదు, పొలాల్లో ఎలుకల్ని తిని బతుకుతుంది. నాగుపాము మొగుడన్న అపవాదుతో అది కర్రదెబ్బలు తింటోంది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం దాన్ని చంపకూడదని చెబుతున్నా సరే.

ఇక పాము పగ. జంటలో ఒకదాన్ని చంపితే రెండోది వెతుక్కుంటూ వచ్చి కాటేస్తుందని, చచ్చేటప్పుడు దాని కంట్లో చంపినవాడి బొమ్మ పడుతుందని చెబుతారు. 1976లో వచ్చిన హిందీ ‘నాగిన్’ ఈ కథనే తెరకెక్కించింది. అయితే మన పాములకు కాపురాలు లేవు. జతకట్టాక ఎవరి దారి వారిదే. ఆడపాము ఒంటి మీది వాసన మాత్రం మగవాటిని దూరం నుంచి లాక్కొస్తుంది. కెనడాలోని మానిటోబాలో నార్సిస్ అనే చోట వసంతంలో వేలాది గార్టర్ పాములు నేల బొరియల్లోంచి బయటికొస్తాయి. ఒక్క ఆడపాము చుట్టూ పదుల కొద్దీ మగవి ఉండలా చుట్టుకుంటాయి. ఆ వాసనే వాటిని అక్కడికి చేరుస్తుంది. ఆడపామును కొట్టి చంపిన చోటికి ఆ తర్వాత ఇంకో పాము వచ్చినా, దానికి కారణం పగ అనుకోనక్కర్లేదు. వాసన చాలు.

సరీసృపాల్లో జంట బంధమే లేదా అంటే, ఉంది. దక్షిణ ఆస్ట్రేలియాలో షింగిల్‌బ్యాక్ అనే పొట్టి తోక బల్లులు ఏటా వసంతంలో పాత జతనే వెతుక్కుని కలుస్తాయి. మైకేల్ బుల్ అనే శాస్త్రవేత్త 1980లలో మొదలుపెట్టి దశాబ్దాల పాటు వాటికి గుర్తులు పెట్టి, ఏటేటా అవే బల్లుల్ని మళ్లీ పట్టుకుని లెక్క రాశాడు. ఇరవై ఏళ్లు దాటిన జంటలు తేలాయి. రోడ్డు మీద చచ్చిన తోడు పక్కనే ఉండిపోయి, దాన్ని ముట్టెతో నెమ్మదిగా కదిపే బల్లులూ కనబడ్డాయి. అక్కడ కూడా పగబట్టిన బల్లి ఒక్కటీ లేదు.

మన దగ్గర పగ కథకు మనుషుల ప్రాణాలు పోతున్నాయి. 2000 నుంచి 2019 దాకా దేశంలో దాదాపు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని అంచనా. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కాటు పడ్డవాడు ఏ పామును చంపాడో, ఏ దోషం తగిలిందోనని ఇంట్లోవాళ్లు ఆరా తీస్తారు. మంత్రగాడు పసరు పోస్తాడు. విషానికి విరుగుడు ఇంజెక్షను ఆస్పత్రిలో ఉంటుంది. అది ఎంత త్వరగా పడితే అంత మేలు. ఆ తొలి గంటలన్నీ మంత్రగాడి ముంగిట్లోనే గడిచిపోతున్నాయి.