మూడు గళ్లలో ఇమడని ఊరు

ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి అర్థశాస్త్రం ఏళ్ల తరబడి పాలంపూర్ అనే కల్పిత గ్రామంతోనే మొదలైంది. భూమి, శ్రమ, పెట్టుబడి అంటే ఏమిటో ఆ గోధుమ చేల మధ్యే చెప్పేవారు. పాఠం మంచిదే. కానీ టాటానగర్ పిల్లలకు ఫర్నేసు పొగ కనిపిస్తూనే ఉంటుంది కదా, అంత దూరం పోవడం దేనికి?

భూమి అంటే ఉక్కు కర్మాగారం లేచిన సాక్చి. శ్రమ అంటే సిక్కోలు, విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చి, కద్మాలో, సోనారిలో కాపురాలు పెట్టి, బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్న మన పెద్దలు కూడా. పెట్టుబడి కథ ఇంకా బాగుంటుంది. టాటాల ఉక్కు కంపెనీకి లండన్‌లో డబ్బు పుట్టకపోతే, 1907లో స్వదేశీ వేడి మీద దాదాపు 8,000 మంది భారతీయులు మూడు వారాల్లో వాటాలు కొనేశారు. ఇక్కడ ఎనిమిది గంటల పని 1912లోనే వచ్చింది. అదంతా యజమాని మంచితనమేనని చెప్పి ఊరుకోకూడదు. 1920, 1928 సమ్మెల సంగతీ పిల్లలకు చెప్పాలి.

అసలు చిక్కు ఆర్థిక వ్యవస్థల పాఠంలో ఉంది. పెట్టుబడిదారీ, సామ్యవాద, మిశ్రమ వ్యవస్థలని మూడు గళ్లు గీసి ఉదాహరణలు నింపమంటారు. టాటా కంపెనీ ప్రైవేటుది కాబట్టి మొదటి గడిలో రాస్తే మార్కులు పడతాయి. అయితే ఆ ప్రైవేటు కంపెనీకి 1992 జనవరి దాకా తన ఉక్కుకు తాను ధర పెట్టుకునే స్వేచ్ఛ లేదు. ఊళ్లో దాని ప్రాంతంలో కుళాయి నీళ్లు, కరెంటు, చెత్త ఎత్తడం మాత్రం మున్సిపాలిటీ కాదు, కంపెనీయే చూసుకుంటుంది. మరి ఇది ఏ గడి?

నన్నడిగితే ఈ పాఠానికి రవాణా ఖర్చు సమానీకరణను మించిన ఉదాహరణ లేదు. 1950లలో మొదలై 1990ల తొలి సంవత్సరాల దాకా నడిచింది. టాటానగర్‌లో కొన్నా మద్రాసులో కొన్నా ఉక్కు ధర ఒకటే. దూరానికయ్యే రైలు కిరాయిని కొనేవాళ్లందరి మీదా పంచేశారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అయితే ఉక్కుతో యంత్రాలు చేసే వ్యాపారి ఇక గనుల పక్కకు ఎందుకు వస్తాడు? రేవూ మార్కెట్టూ ఉన్న ఊళ్లోనే షెడ్డు వేసుకుంటాడు. ఇనుము, బొగ్గు ఉన్న నేలకు దగ్గరితనం వల్ల రావలసిన లాభం అలా పోయింది. పడమటి పత్తికి మాత్రం ఆ సమానత్వం వర్తించలేదు. ధర, ప్రోత్సాహకం, ప్రభుత్వ జోక్యం, అనుకోని ఫలితం, ఈ నాలుగింటినీ ఒక్క పీరియడ్‌లో చెప్పేయొచ్చు.

ఇక్కడి తెలుగు పిల్లలకు విశాఖలో ఎవరో ఒక మావయ్యో పిన్నో ఉంటారు. ఆ ఊరి ఉక్కుదీ గడికి లొంగే కథ కాదు. 1966 ఉద్యమంలో ప్రాణాలిచ్చి సాధించుకున్న ప్రభుత్వ కర్మాగారాన్ని ప్రధాని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసింది, ఉక్కు ధరల మీద ప్రభుత్వం పట్టు వదిలిన ఆ 1992లోనే. 2021లో కేంద్రం దాన్ని అమ్మేస్తామంది. 2025లో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. ఆ కర్మాగారానికి సొంత ఇనుప గని లేదు. మరో ప్రభుత్వ సంస్థ అయిన ఎన్‌ఎండీసీ దగ్గర ధర చెల్లించి ఖనిజం కొనుక్కుంటుంది. ప్రైవేటు టాటాకేమో నోవాముండిలో గని ఉంది, తవ్వుకుంటుంది.

అందుకే వ్యవస్థ పేరు అడిగే ముందు, ఇది ఎవరిది, ధర ఎవరు పెడతారు, నష్టం ఎవరు మోస్తారు అని అడగడం నేర్పాలి. నోవాముండి గనిక్కూడా ఇవే ప్రశ్నలు వేసి చూడండి. కింద ఉన్న ఖనిజం ప్రభుత్వానిది, కంపెనీకి ఉన్నది లీజు మాత్రమే. సొంత అవసరాలకు తవ్వుకునే ఇలాంటి పాత లీజుల గడువును 2015 చట్ట సవరణ 2030 మార్చి దాకా పొడిగించింది. ఆ తర్వాత వేలం వేయాలి. ఇప్పుడు తొమ్మిదిలో ఉన్న పిల్లలు అప్పటికి ఓటు వయసుకొస్తారు.

— కాలిమాటి