ముఠా హాస్యము – మన యింటి మాట

కొన్ని యేండ్ల క్రిందట బెంగళూరులోని ఒక తెలుగు సంఘపు ఉగాది వేడుకకు పోయియుంటిమి. పంచాంగ శ్రవణము ముగిసినది. ఉగాది పచ్చడి పంచిరి. పిదప పిల్లలు ఒక హాస్యనాటికను ఆడిరి. అందులో నలుగురు రౌడీలు ఒక షావుకారును అపహరింపబోయి, పొరపాటున అతని వంటవానిని ఎత్తుకొనిపోవుదురు. కథ బాగుగనే యున్నది. పిల్లలును చక్కగా నటించిరి. అయితే షావుకారు పాఠ్యపుస్తకము వలె మాటలాడెను; అతని కుమారుడును, డాక్టరును, పోలీసు అధికారియు అట్లే మాటలాడిరి. ఆ నలుగురు రౌడీలు మాత్రము “యాడికి పోతాండావురా? బిన్నా రా, ల్యాకుంటే నరికేస్తా” అని గర్జించిరి. వారు నోరు తెరచినప్పుడెల్ల సభ గొల్లుమనెను. మేమును నవ్వితిమి.

మా వరుసలో కోలారు వైపు నుండి వచ్చిన ఒక ముదుసలి తల్లి కూర్చుండియుండెను. ఆమె నవ్వలేదు. “ఏమప్పా, మనము మాట్లాడేదీ ఇట్లనే గదా? దీంట్లో నవ్వేదేముండాది?” అని తన మనుమని అడిగెను. మనుమడు సిగ్గుపడి, “అవ్వా, మెల్లగా మాట్లాడు, ఎవరైనా వింటారు” అనెను.

ఆ మాట విన్న పిమ్మట మాకు నవ్వు రాలేదు. ఆ అవ్వకు ఆనాడు సమాధానము చెప్పినవారు లేరు. మేము నేడు చెప్పదలచితిమి.

మూఢులైన ముఠావాండ్రను చూపి నవ్వించు సినిమాలకు మేము శత్రువులము కామని మొదటనే మనవి చేయవలెను. పైపెచ్చు అవి సంఘమునకు మేలు చేయునని మా నమ్మకము. సినిమా రౌడీని రెండు విధములుగ చూపును: ఒకటి పూజ, రెండవది పరిహాసము. పూజాచిత్రములకు మన చుట్టు కొదవ లేదు. కన్నడమున ఉపేంద్ర దర్శకత్వమున 1995లో వచ్చిన ‘ఓం’ చిత్రములో బెంగళూరు నేరలోకపు నిజమైన రౌడీలు కొందరు తెరపైకి ఎక్కిరి. ఆ చిత్రమును మరల మరల విడుదల చేసిరి. జనము మరల మరల చూచిరి. తెలుగున ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001) వచ్చిన కాలమున వేటకొడవలికి హారతి పట్టినంత పని అయినది. ఇట్టి పూజ చూచి పెరిగిన కుఱ్ఱవానికి పరిహాసమే మందు. రౌడీ బుద్ధిహీనతను చూచి ఒక్కసారి మనసార నవ్విన బాలుడు, వీధి చివర మీసము మెలివేయువాని యెదుట చేతులు కట్టుకొని నిలువడు.

1993లో శివనాగేశ్వరరావు దర్శకత్వమున, రామగోపాలవర్మ నిర్మాణమున వచ్చిన ‘మనీ’ని తలచుకొందము. 1986 నాటి అమెరికా చిత్రము ‘రూత్‌లెస్ పీపుల్’ కథ దానికి మూలము. డబ్బు లేని యిద్దరు కుఱ్ఱవాండ్రు ధనవంతురాలైన ఒక ఇల్లాలిని అపహరించి, భర్తను సొమ్ము అడుగుదురు. ఆమె పీడ విరగడయైన చాలునని భర్త లోలోన సంతోషించును. ఇందులో బ్రహ్మానందము ధరించిన ఖాన్ దాదా పేరుమోసిన రౌడీ. దర్పము కొండంత, ధైర్యము గోరంత. కాని కథలో అసలైన దుర్మార్గుడు మర్యాదస్థుని వలె తిరుగు ఆ భర్తయే. అంతకు రెండేండ్ల ముందు వచ్చిన ‘క్షణక్షణం’ (1991) లోను అంతే. పరేష్ రావల్ ధరించిన నాయరు, అతని ముఠా, బ్యాంకు దోపిడీ సొమ్ము కొరకు వెంకటేశ్, శ్రీదేవుల వెంటబడి అడవుల పాలగుదురు. అత్యాశ మనుష్యుని ఎట్టి కోతిని చేయునో చూచి మనము నవ్వుదుము.

ఈ విద్య మనకు మాత్రమే తెలిసినది కాదు. ఇంగ్లండున 1955లో వచ్చిన ‘ది లేడీకిల్లర్స్’ చిత్రములో ఐదుగురు దొంగలు సంగీతాభ్యాసమను నెపమున ఒక వృద్ధ వితంతువు ఇంట చేరుదురు. కడకు ఆ ఐదుగురును తమలో తామే చచ్చి, దోచిన సొమ్మంతయు ముదుసలి చేతికి చిక్కును. ఆమె నిజము చెప్పినను పోలీసులు నమ్మరు. మొన్న 2024లో వచ్చిన మలయాళ చిత్రము ‘ఆవేశం’ మన బెంగళూరు రౌడీ కథయే. ఫహద్ ఫాజిల్ ధరించిన రంగ కన్నడము కలిసిన మలయాళము మాటలాడును. కాని అతని ఆర్భాటము వెనుక దాగిన ఒంటరితనమే ఆ హాస్యమునకు ప్రాణము. ఇట్టి హాస్యమునకు మేము చప్పట్లు కొట్టుదుము.

అయితే మన తెలుగు ముఠా హాస్యములో ఒక కలుపు మొలచినది. రౌడీ మూఢత్వమును కథలో చూపుటకు బుద్ధి కావలెను, శ్రమ కావలెను. ఆ శ్రమకు ఓర్వని రచయిత అతని నోట ఒక ప్రాంతపు యాసను పెట్టి చేతులు దులుపుకొనును. ఒకప్పుడు ఆ బరువును తెలంగాణ మోసినది. 1985 నాటి ‘ప్రతిఘటన’లో కీర్తిశేషులు కోట శ్రీనివాసరావు అద్భుతముగ నటించిన దుష్ట రాజకీయనాయకుడు మాటలాడినది ఆ యాసయే. ఖాన్ దాదా పలుకు హైదరాబాదు వీధులది. 1997లో ‘ప్రేమించుకుందాం రా’ వచ్చిన పిదప ఆ బరువు రాయలసీమ భుజము మీదికి మారినది. కర్నూలు జిల్లావారైన జయప్రకాశరెడ్డి అందులో ప్రతినాయకుడై తమ సీమ పలుకును తేనె వలె పలికిరి. ఉపాధ్యాయవృత్తి నుండి వచ్చిన ఆ నటుడు 2020లో కన్నుమూయు వరకు ఆ పలుకునకు వన్నె తెచ్చిరి. వారియందు దోషము లేదు. ఆ పలుకును కత్తి దూయువానికి, కత్తి దూసి తడబడువానికి మాత్రమే కేటాయించిన వారిది దోషము. ‘ఢీ’ (2007), ‘రెడీ’ (2008) వంటి చిత్రముల తరువాత ముఠానాయకులను ఇంటిలో కూర్చుండబెట్టి బురిడీ కొట్టించుట ఒక మూసగా మారినది. ఆ మూసలో సీమ పలుకు నవ్వుల సరకైనది.

“అది సీమవారి బాధ, బెంగళూరువారికేమి?” అని కొందరనవచ్చును. కోలారు, ముళబాగిలు, బాగేపల్లి, గౌరీబిదనూరు, పావగడ ప్రాంతముల తెలుగు, అనంతపురము, చిత్తూరుల తెలుగునకు తోబుట్టువు. ఈ నగరమున స్థిరపడిన మన కుటుంబములలో అనేకము ఆ వైపువే. కర్ణాటకమున నూటికి సుమారు ఆరుగురు తెలుగువారని 2011 జనాభా లెక్కలు తెలిపినవి. వారిలో ఎందరో తెలుగు బడి ఎరుగరు. కన్నడమున చదివి, కన్నడమున వ్రాసి, ఇంటిలో మాత్రము తాతముత్తాతల తెలుగు మాటలాడుదురు. వారికి తెలుగన్న ఆ యింటి మాటయే. చింతామణి వైపు కైవారమున కైవారము తాతయ్యగ ప్రసిద్ధుడైన నారేయణ యోగి తెలుగునను కన్నడమునను కీర్తనలు చెప్పినది ఈ గడ్డ మీదనే. అట్టి గడ్డ పలుకు నేడు రౌడీ పలుకైనదని విని ఊరకుండవలెనా?

మా అనుభవము ఒకటి చెప్పెదము. మేము గుమాస్తాగ పనిచేసిన కార్యాలయమున 2001 ప్రాంతమున ఒక తెలుగు మిత్రుడు, మేము ఫోనులో మా యింటివారితో మాటలాడుట విని, “మీ ఊరిలో బాంబులు ఎక్కడ దాచెదరు?” అని పరిహాసమాడెను. అందరును నవ్విరి. మా ఊరిలో దాచుకొనునవి రాగులు, చింతపండు. ఆ మిత్రుడు దుర్మార్గుడు కాడు. సినిమా నేర్పిన పాఠమును అప్పగించెను. కాని ఆనాటి నుండి ఫోను మ్రోగినపుడు మేము వరండాలోనికి పోయి మాటలాడుచు వచ్చితిమి. ఆ మనుమడు అవ్వతో అన్న మాట విన్నపుడు మా వరండా మాకు జ్ఞప్తికి వచ్చినది.

ప్రతివాదులు రెండు మాటలందురు. మొదటిది: సీమలో కక్షలుండెను గావున ముఠాలకు ఆ యాస సహజమే. కక్షలుండెను, కాదనము. కాని ఆ సీమలోనే ఉపాధ్యాయులు, వైద్యులు, రైతులు, పండితులు లేరా? వారి నోటికి ఆ యాస సహజము కాదా? వారికి పాఠ్యపుస్తకపు భాషయు, రౌడీకి మాత్రము ఊరి భాషయు ఇచ్చుటను సహజత్వమనరు. సహజత్వము కావలెనన్న అందరికిని ఇయ్యవలెను.

రెండవది: యాస లేకున్న నవ్వు పుట్టదు. దీనికి సమాధానము మన సినిమాయే చెప్పినది. 2010లో రాజమౌళి తీసిన ‘మర్యాద రామన్న’ సీమ కక్షల మీది హాస్యచిత్రము. పొలము అమ్ముకొనుటకు సొంత ఊరికి పోయిన పిరికి కుఱ్ఱవాడు తెలియక పగవాని యింటికే అతిథిగ చేరును. గడప లోపల రక్తము చిందింపరాదని ఆ యింటి పెద్దకు నియమము. గడప దాటిన చావు తప్పదు. దాటకుండుటకు సునీలు పడు పాట్లే కథ. దీనికి ఆధారము 1923లో బస్టర్ కీటన్ తీసిన ‘అవర్ హాస్పిటాలిటీ’. అది మూకీ చిత్రము! అందు ఏ యాసయు లేదు, అసలు మాటయే లేదు. అయినను జనము నవ్విరి. తెలుగు చిత్రము 2011లో కన్నడమున ‘మర్యాదె రామణ్ణ’గ వచ్చినది, 2012లో హిందీలో ‘సన్ ఆఫ్ సర్దార్’ అను పేర పంజాబునకు పోయినది. పోయిన చోటనెల్ల మాట మారినది, గడప మారలేదు. నవ్వు ఉన్నది ఆ గడపలోనే.

ఇంతకంటె పాత ప్రమాణము మన యింటనే కలదు. 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుని అసుర శిష్యులు తడబడు అనుచరులే కదా! వారికి సంయుక్తాక్షరములు నోరు తిరుగవు. పింగళి నాగేంద్రరావు వారి నోట పెట్టినది ఏ జిల్లా పలుకును కాదు. తాము స్వయముగ కల్పించిన వింత భాష. దానిని విని గుంటూరు నవ్వినది, వరంగల్లు నవ్వినది, అనంతపురము నవ్వినది. ఎవ్వరి తల్లియు నొచ్చుకొనలేదు. అంతేకాక, మాటలు ఎవరో ఒకరు పుట్టించిన గాని పుట్టవని ఘటోత్కచుడు శిష్యుని పక్షమే వహించును. ఆ చిత్రమునకు దర్శకుడు కె.వి. రెడ్డి, అనంతపురము జిల్లా తాడిపత్రివారు. రౌడీ యాసగ నేడు తెరపై వినబడు పలుకు ఆయన సొంత ఊరిది.

తెలంగాణ సోదరులు తమ పలుకునకు జరిగిన అవమానమును సహింపక నోరు తెరచి అడిగిరి. ఫలము కనబడుచున్నది. ‘ఫిదా’ (2017)లో నాయిక ఆ యాసలోనే మాటలాడి అందరి మనసు దోచినది. ‘బలగం’ (2023) ఆ యాసలోనే ఊరినంతయు ఏడిపించినది. మన వైపు పలుకునకు ‘పుష్ప’ (2021) వలన పెద్ద పేరు వచ్చినదందురు. చిత్తూరు యాస మాటలాడి అల్లు అర్జున్ జాతీయ ఉత్తమనటుడైనాడు, సంతోషమే. అయితే అక్కడను ఆ యాస ఎఱ్ఱచందనము దొంగరవాణా చేయువాని నోటనే యున్నది. మూఢరౌడీ పీట నుండి వీరరౌడీ పీటకు ఎక్కినది గాని ముఠా విడువలేదు. మా కన్నులు చల్లబడినది 2021లోనే వచ్చిన ‘సినిమా బండి’ చూచినపుడు. ఆంధ్ర కర్ణాటక సరిహద్దు పల్లెలో ఒక ఆటోవానికి కెమెరా దొరకును. ఊరివారు కలిసి సినిమా తీయబోవుదురు. అందరును తడబడుదురు, అందరును మన యింటి తెలుగే మాటలాడుదురు, మనము కడుపుబ్బ నవ్వుదుము. కాని ఏ అవ్వయు సిగ్గుపడదు.

సినిమావారిని ఇంత తిట్టి మనలను వదలుకొనుట న్యాయము కాదు. ఆ ఉగాదినాడు నాటిక వ్రాసినది సినిమావారు కాదు, మన పెద్దలే. పిల్లలకు మాటలు నేర్పినది మనమే. చప్పట్లు కొట్టినదియు మనమే. వానిలో మా చప్పట్లును కలవు. బెంగళూరులో తెలుగు నిలుపవలెనని ఏటేట సభలు జరిపి, ఆ తెలుగును ఇంటిలో నిలిపిన అవ్వను అదే సభలో నవ్వులపాలు చేయుట ఏమి సేవ? పిల్లవాడు సిగ్గుపడి విడిచిన మాట మరల రాదు. వాడు ఇంగ్లీషునకు పోవును గాని పాఠ్యపుస్తకపు తెలుగునకు రాడు.

కావున సంఘ సభ్యులకు మా విన్నపము చిన్నది. వచ్చు ఉగాదికిని ముఠా హాస్యమే ఆడుడు. రౌడీలు పొరపాటున వంటవానినే ఎత్తుకొనిపోనిండు. కాలు జారి పడనిండు. మేము ముందు వరుసలో కూర్చుండి నవ్వెదము. ఆ రౌడీలకు ఏ భాష ఇచ్చినను సరే, అదే భాషను షావుకారునకును, పోలీసు అధికారికిని ఇండు. డాక్టరు వేషము ధరించు పిల్ల రోగి నాడి పట్టి, “ఏమప్పా, ఎట్లుండావు? రాత్రి నిద్ర పట్టిందా?” అని అడుగవలెను. ఆ మాట విని ఆ అవ్వ తన మనుమని వైపు తిరిగి చూచును. ఆనాడు వాడు ఆమెను మెల్లగా మాటలాడుమనడు.