విశ్రాంతి ఎవరి ఖాతాలో జమ?

"ప్రార్థనలో మనశ్శాంతి దొరికింది" అనే మాట వినగానే మన హేతువాద మిత్రులు చాలామంది నవ్వేస్తారు. ఒకప్పుడు నేనూ నవ్వేవాణ్ణి. ఆ మాట మా వదిన నోట విన్నాక నవ్వడం మానేశాను. అయితే ఒప్పుకోవడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. ఎందుకో చెబుతాను.

మా పెదనాన్న కొడుకు కుర్రతనంలోనే వరంగల్ వైపు నుంచి సూరత్ వచ్చి లింబాయత్‌లో స్థిరపడ్డాడు. సాంచెల మీద పని, రోజుకు 12 గంటల షిఫ్టు. వదిన ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించేది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి సాంచెలు ఆగాయి. ఆగస్టులో కరోనాతో అన్న పోయాడు. ఆ తరవాత వదిన పక్క సందులోని తెలుగు ప్రార్థన కూటానికి వెళ్లడం మొదలుపెట్టింది.

నేను రక్షణ శాఖ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయిన మనిషిని. వోచరు లేని ఖర్చును ఏనాడూ పాస్ చేయలేదు. ఆ అలవాటుతోనే వదినతో వాదన పెట్టుకున్నాను. ఆమె అంతా విని ఒకటే అంది: "నీ లెక్కలు నాకు తెల్వయి మరిదీ. ఆడ కూసోని కండ్లు మూస్కుంటే గుండె దడ తగ్గుతది. రాత్రి నిద్ర వడ్తది. గంతే."

నేను ఆ నిద్రను కాదనను. ఆమెకు నిద్ర పట్టిందన్నది వాస్తవం. నా అభ్యంతరమల్లా ఆ జమను ఏ ఖాతాలో వేశారన్నదాని మీదే.

మత్తయి సువార్త 11వ అధ్యాయం చూపించి, అలసినవాళ్లకు విశ్రాంతి ఇచ్చేది యేసు ఒక్కడేనని పాస్టరు గారు చెబుతారు. మంచిది. మరి పక్క వీధిలో జపమాల తిప్పే గుజరాతీ ముసలమ్మకూ దడ తగ్గుతోంది, ఆ పై వీధిలో నమాజు చేసే ముసల్మానుకూ తగ్గుతోంది. ఎలాగ? అమెరికాలో హెర్బర్ట్ బెన్సన్ అనే గుండె వైద్యుడు 1975లోనే దీనిమీద పుస్తకం రాశాడు. కదలకుండా కూర్చుని, ఒకే మాటను మళ్లీ మళ్లీ అనుకుంటూ ఊపిరి మీద ధ్యాస పెడితే శరీరం నెమ్మదిస్తుంది. ఆ మాట యేసు కావచ్చు, రాముడు కావచ్చు, "ఒకటి" అనే అంకె కూడా కావచ్చు. అన్ని ఖాతాల్లోనూ ఒకే జమ కనిపిస్తోందంటే, ఆ సొమ్ము ఏ ఒక్క దేవుడిదీ కాదని కదా అర్థం?

అదే బెన్సన్ బృందం 2006లో ఇంకో పరీక్ష ఫలితాలు ప్రకటించింది. బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మంది రోగులను మూడు జట్లు చేశారు. తమకోసం ప్రార్థన జరుగుతోందో లేదో తెలియనివాళ్లు రెండు జట్లు. వాళ్లలో నిజంగా ప్రార్థన జరిగిన జట్టులో 52 శాతం మందికి, జరగని జట్టులో 51 శాతం మందికి చిక్కులు వచ్చాయి. ప్రార్థన జరుగుతోందని ముందే చెప్పి, జరిపించిన మూడో జట్టులో 59 శాతం! ఈ పరీక్షకు డబ్బు పెట్టింది నాస్తికులు కాదు, మతం పట్ల సానుభూతి ఉన్న టెంపుల్టన్ ఫౌండేషన్. కళ్లు మూసుకున్నవాడికి నెమ్మది దొరకవచ్చు. ఆకాశం నుంచి సాయం దిగివచ్చిన దాఖలా మాత్రం ఆ లెక్కల్లో లేదు.

ఇక అసలు ప్రశ్న. అలసినవాళ్లకు విశ్రాంతి అంటున్నారు, బాగానే ఉంది. అలసట ఎక్కడినుంచి వచ్చిందో ఎవరడుగుతారు? ఆదివారం దేవుడి రోజని నమ్మిన తెల్లదొరలు ఏలుతున్న కాలంలోనే బొంబాయి మిల్లు కూలీకి ఆదివారం సెలవు లేదు. 1890 జూన్ 10న మిల్లు యజమానుల చేత ఒప్పించుకున్నది నారాయణ్ మేఘాజీ లోఖండే, ఆయన వెనక నిలిచిన కూలీలు. లోఖండే ఫూలే అనుచరుడు, సత్యశోధక సమాజం మనిషి.

దగ్గరి లెక్క చూడండి. 2020 ఏప్రిల్ 17న గుజరాత్ ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ తెచ్చింది. ఫ్యాక్టరీల్లో రోజుకు 12, వారానికి 72 గంటల పని, అదనపు గంటలకు మామూలు కూలీయే. 1948 చట్టం పెట్టిన హద్దు 48 గంటలు, ఆపైన రెట్టింపు. చట్ట ప్రకారం 72 గంటలు చేసినవాడికి 96 గంటల కూలీ రావాలి, చేతిలో పెట్టమన్నది 72కే. వారానికి 24 గంటల కూలీ గల్లంతు. ఏప్రిల్ 20 నుంచి జూలై 19 దాకా 13 వారాలు, అంటే 312 గంటలు. ఎనిమిది గంటల రోజులుగా లెక్కేస్తే 39 రోజుల కూలీ! దీన్ని కొట్టేయించింది ప్రార్థన కూటం కాదు. గుజరాత్ మజ్దూర్ సభ, ట్రేడ్ యూనియన్ సెంటర్ ఆఫ్ ఇండియా సుప్రీంకోర్టుకు వెళితే 2020 అక్టోబరు 1న తీర్పు వచ్చింది, ఓవర్‌టైమ్ చెల్లించమని.

ఆ తీర్పు మా వదిన గడప తొక్కలేదు. అన్న పేరు ఏ హాజరు పట్టీలోనూ లేదు మరి. పట్టీలో లేనివాడికి ఏ కోర్టు ఏమిస్తుంది?

క్రైస్తవుల మేలును దాచిపెట్టడం హేతువాదం కాదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలీలకు పని చూపించాడు. కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. మొదలుపెట్టాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఆ జనాన్ని ముందు బతికించింది కాలువ కూలీ. దేవుడి పేరు తరవాత వచ్చింది.

అయ్యా, ఇప్పుడు మన పద్దు కూడా చూసుకుందాం. అన్న పోయిన వారం వదిన ఇంటికి బియ్యం సంచి మోసుకొచ్చింది ప్రార్థన కూటంవాళ్లు. ఆ వారం నేను ఫోన్లో ఓదార్చాను. అంతే. మన సంఘం మూఢనమ్మకాల మీద తీర్మానం చేసింది. బాధలో ఉన్న మనిషి తీర్మానం తింటుందా?

ఇంకొక మాట. ఈ వ్యాసం మెజారిటీ మతంవాళ్ల చేతికి కర్ర కాకూడదు. 2003లో గుజరాత్ చేసిన చట్టం మతమార్పిడికి జిల్లా మేజిస్ట్రేటు అనుమతి పెట్టింది. మనిషి ఏం నమ్మాలో కలెక్టరాఫీసు తేల్చడమేమిటి? వదిన నమ్మకంతో వాదించే హక్కు నాకుంది, ఆమెను ఆపే హక్కు ఎవరికీ లేదు.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు నేను వదిన ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. ప్రార్థన ముగించుకుని వచ్చే సాంచెల కార్మికులకు తారీఖు, షిఫ్టు, గంటలు, ముట్టిన కూలీ ఎవరి నోటుబుక్కులో వారే రాసుకోవడం నేర్పుతున్నాను. దేవుడి ఊసు ఎత్తను. రేపు ఎవరైనా రుజువు అడిగితే చూపించడానికి ఆ పుస్తకమైనా ఉంటుంది. మీ ఊళ్లోనూ ఒక కుర్చీ వేయండి.