మూడు వారాలకూ మానని నోటిపూత ‘వేడి’ కాదు

నోరు పూసిందంటే మన ఇళ్లలో వినిపించే మాట ఒకటే: వేడి చేసింది. మజ్జిగ తాగడం, నాలుగు రోజులు కారం మానేయడం, బి-కాంప్లెక్స్ మాత్రలు వేసుకోవడం అలవాటైన వైద్యం. మామూలు నోటిపూత ఒకటి రెండు వారాల్లో దానంతట అదే మానుతుంది కాబట్టి ఇందులో పెద్ద ప్రమాదం లేదు. చిక్కంతా మానని పుండ్లతోనే.

అలాంటి పుండ్ల వెనుక పెంఫిగస్ వల్గారిస్ ఉండవచ్చు. ఇది అరుదైన, దీర్ఘకాలిక చర్మవ్యాధి. అంటువ్యాధి కాదు. చర్మంలోనూ నోటి లోపలి పొరలోనూ కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే డెస్మోగ్లీన్ ప్రోటీన్లపై శరీర రక్షణ వ్యవస్థే పొరపాటున యాంటీబాడీలు తయారుచేస్తుంది. దాంతో కణాల మధ్య పట్టు సడలి పొక్కులు లేస్తాయి. చర్మానికి డెస్మోగ్లీన్-1, డెస్మోగ్లీన్-3 రెండూ ఆసరా. నోటి పొర మాత్రం ప్రధానంగా డెస్మోగ్లీన్-3 మీదే ఆధారపడుతుంది. అందుకే తరచుగా ముందు దెబ్బతినేది నోరు. చాలామందిలో ఒంటిపై పొక్కులు కనిపించడానికి నెలల ముందే నోట్లో పుండ్లు మొదలవుతాయి.

ఆ విలువైన నెలలే వృథా అవుతున్నాయి. నోట్లో లేచిన పొక్కు త్వరగా చిట్లి, పచ్చిపుండు మాత్రమే మిగులుతుంది. చూసినవారు దాన్ని మళ్లీ నోటిపూతే అనుకుంటారు. దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ పూతమందు కాస్త ఉపశమనమిచ్చి అసలు వ్యాధిని మరుగుపరచవచ్చు. ఈలోగా రోగి ముద్ద మింగలేక చిక్కిపోతాడు.

చికిత్స లేక ఇలా జరగడం లేదు. 1950లలో స్టెరాయిడ్లు వాడుకలోకి రాకముందు ఈ వ్యాధి చాలావరకు ప్రాణాంతకమే. 1980ల తొలినాళ్లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ జె.ఎస్. పస్రీచా, నెలకోసారి వరుసగా మూడు రోజులు డెక్సామెథసోన్‌ను పెద్ద మోతాదులో, దానికి తోడు సైక్లోఫాస్ఫమైడ్‌ను ఇచ్చే ‘పల్స్’ చికిత్సను ప్రవేశపెట్టారు. రిటుక్సిమాబ్‌ను ఈ వ్యాధికి వాడేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో అనుమతించింది. మందులున్నాయి; రోగి వాటి దగ్గరికి చేరడమే ఆలస్యం.

ఒక అరుదైన వ్యాధి కోసం నోరు పూసిన ప్రతివారికీ పరీక్షలా అని అడగవచ్చు. అక్కర్లేదు. మూడు వారాలు దాటినా మానని పుండుకు, లేదా ఒకచోట మానుతూ మరోచోట లేస్తున్న పుండ్లకు మాత్రం బయాప్సీ తప్పనిసరి కావాలి. పొక్కు అంచు దగ్గరి ముక్కను ఇమ్యునోఫ్లోరెసెన్స్ పద్ధతిలో పరీక్షిస్తే కణాల మధ్య వల అల్లినట్లు యాంటీబాడీలు కనిపిస్తాయి. పుండు అడుగు నుంచి గీరి తీసిన కణాలను సూక్ష్మదర్శినిలో చూసే జాంక్ పరీక్షకు ఖర్చు స్వల్పం. తొలి అనుమానం కలగడానికి అది చాలు. పైగా ఇదే నియమం పొగాకు, గుట్కా వాడకం ఎక్కువగా ఉన్న మన దేశంలో నోటి క్యాన్సర్‌నూ ముందుగా పట్టిస్తుంది. అది అరుదైన వ్యాధి కాదు.

ఈ రోగులు తరచుగా ముందు వెళ్లేది దంతవైద్యుల దగ్గరికే. పుండు ఎన్నాళ్లుగా ఉందని అడగడం, గడువు దాటితే చర్మవ్యాధుల నిపుణుల వద్దకు పంపడం వారి చేతిలో ఉన్న పని. మళ్లీ బి-కాంప్లెక్స్ అడిగినవారికి మందుల దుకాణంలోనూ అదే ప్రశ్న ఎదురుకావాలి.